నోరులేని పెట్టెకు దుబాసీ

ఆమదాలవలసలో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఏ ఇంట్లోవాళ్లనడిగినా ఈ కథ చెబుతారు. రాత్రి భోజనాల వేళ నెట్టు ఆగిపోతుంది. ఇంటావిడ కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తుంది. "నెట్టు రావట్లేదు బాబూ, ఏటయిందో సూడు." అతను కుర్చీలోంచి లేవడు. కంప్యూటర్‌లో ఏదో చూసి, "మీ బాక్సుకి కరెంటు నేదమ్మా, ప్లగ్గు ఊడిందేమో చూడండి" అంటాడు. వెళ్లి చూస్తే నిజంగానే పిల్లాడెవడో ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోడానికి ప్లగ్గు పీకేసి ఉంటాడు.

ఇంటికి రాకుండానే అతనికి ఎలా తెలిసింది? నెట్టు పోయిందంటే సరే, ఎలాగో పసిగట్టాడనుకోవచ్చు. ఫైబరు తెగలేదు, బాక్సు చెడిపోలేదు, కరెంటే లేదని అంత కచ్చితంగా ఎలా చెప్పాడు? కరెంటు లేని పెట్టె తనకు కరెంటు లేదన్న సంగతి ఎవరితో, ఏ బలంతో చెప్పుకుంది?

జవాబు ఏమిటంటే, ఆ పెట్టె ఆపరేటర్‌తో ఒక్క మాటా మాట్లాడలేదు. అతనితో మాట్లాడింది మధ్యలో ఉన్న మరో యంత్రం. ఆ మధ్యవర్తి ఎవరు, ఎందుకు పుట్టింది, దాని మాట ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే ఈ అధ్యాయం.

హబ్‌కి తెలుసు, చెప్పలేదు

ఈ మధ్యవర్తి అవసరం బాగా తెలిసొచ్చింది ఆఫీసుల్లో హబ్‌లు వచ్చినప్పుడు. టెలిఫోన్ తీగలాంటి మెలితిప్పిన జంట తీగల మీద కంప్యూటర్లను కలిపే పద్ధతికి 1990లో ప్రమాణం ఖరారయింది. దాని పేరు 10బేస్-టి. సెకనుకు కోటి బిట్ల వేగం, ఒక్కో తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు. గదిలోని కంప్యూటర్లన్నిటి నుంచీ ఒక్కో తీగ వచ్చి మధ్యలో ఒక పెట్టెకి చేరుతుంది. అదే హబ్. తొంభైల చివర్లో మన శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో వెలిసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో గోడకి వేలాడుతూ ఆకుపచ్చ దీపాలు మిణుకు మిణుకుమంటూ ఉండేది ఇదే.

హబ్ చేసే పని చాలా చిన్నది. ఒక తీగ మీద వచ్చిన సంకేతాన్ని శుభ్రం చేసి మిగతా తీగలన్నిటి మీదికీ పంపిస్తుంది. ఉత్తరం ఎవరిదో చదవదు. అందరికీ అందుతుంది, ఎవరిది వాళ్లు తీసుకుంటారు, మిగతావాళ్లు వదిలేస్తారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే సంకేతాలు ఢీకొంటాయి, ఇద్దరూ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తారు.

పని చిన్నదే గానీ హబ్‌కి తెలిసిన సంగతులు తక్కువేం కాదు. ఏ తీగకి అవతల కంప్యూటరుందో, ఏది ఊడిపోయిందో తెలుసు. ఏ తీగ మీద ఢీకొనడాలు ఎక్కువో తెలుసు. ఒక తీగ మీద వరసగా ముప్ఫై పైచిలుకు ఢీకొనడాలు జరిగితే, అక్కడేదో తేడా ఉందని గ్రహించి ఆ ఒక్క తీగనీ విడదీసి పక్కన పెడుతుంది, మిగతా గది నడిచిపోతుంది. ఏదో ఒక్క కంప్యూటర్లోని చెడ్డ నెట్‌వర్క్ కార్డు వల్ల గదంతా ఆగిపోకుండా ఈ ఏర్పాటు. తెలివైనదే.

అయితే ఇదంతా అది ముందు భాగంలో ఉన్న చిన్న దీపాలతో చెబుతుంది తప్ప వేరే నోరు లేదు. దీపం చూడాలంటే మనిషి వెళ్లాలి. ఒక్క గదిలో ఒక్క హబ్ అయితే ఫరవాలేదు. విశాఖపట్నం స్టీల్ ప్లాంటులాంటి చోట, లేదా పెద్ద విశ్వవిద్యాలయంలో, పది భవనాల్లో అయిదేసి హబ్‌లు ఉంటే ఆ దీపాలన్నీ ఎవరు చూసి రావాలి?

కొన్ని కంపెనీలు తమ హబ్‌లకి ఒక నోరు పెట్టాయి. వెనకవైపు ఒక సీరియల్ పోర్టు ఇచ్చి, అక్కడ తీగ తగిలిస్తే హబ్ తన సంగతులు అక్షరాల్లో చెప్పేలా చేశాయి. చిక్కేమిటంటే ప్రతి కంపెనీదీ ఓ భాష. ఒకటి ఆజ్ఞ టైపు చేస్తే పలుకుతుంది, ఒకటి అంకెల మెనూ చూపించి ఎంచుకోమంటుంది, ఇంకోటి అసలు ఏమి అడగాలో దాని పుస్తకం చూస్తే తప్ప తెలియదు. నాలుగు కంపెనీల సరుకు కొన్న ఆఫీసులో నాలుగు భాషలు వచ్చిన మనిషి కావాలి.

భాషల చిక్కు మన ప్రాంతానికి కొత్త కాదు. సీతంపేట కొండల మీది సవర పెద్దాయనొకరు జబ్బుచేసి శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వచ్చారనుకోండి. ఆయనకి తెలుగు అంతంతమాత్రం, డాక్టరుగారికి సవర భాష అక్షరం రాదు. ఇక్కడ మూడు దారులున్నాయి. డాక్టరుగారు సవర నేర్చుకోవచ్చు. పెద్దాయన తెలుగు నేర్చుకోవచ్చు. లేదా రెండూ వచ్చిన ఆశా కార్యకర్తని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. మొదటి దారి తొక్కిన మహానుభావుడు మన జిల్లాలోనే ఉన్నాడు, గిడుగు రామమూర్తి. సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును అచ్చులోకి తెచ్చాడు. అందరూ గిడుగులు కాలేరు కదా. కంప్యూటర్ ప్రపంచం మిగతా రెండు దారులనీ పట్టుకుంది.

అందరికీ ఒకే భాష

రెండో దారి, పరికరాలన్నిటికీ ఒకే భాష నేర్పడం. 1988 ఆగస్టులో జెఫ్రీ కేస్, మార్క్ ఫెడార్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్ అనే నలుగురు ఆ భాషని కాగితం మీద పెట్టారు. సింపుల్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ ప్రోటోకాల్ దాని పేరు. వాడుకలో ఎస్‌ఎన్‌ఎంపీ. ప్రోటోకాల్ అంటే ఇద్దరు మాట్లాడుకునేటప్పుడు పాటించే కట్టుబాటు. ఎవరు ముందు మాట్లాడాలి, ఎలా అడగాలి, ఎలా జవాబివ్వాలి అన్నది.

అప్పట్లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలు ఇంతకంటే చాలా పెద్ద, చాలా సమగ్రమైన భాషొకటి తయారు చేస్తున్నాయి. అది వచ్చేదాకా తాత్కాలికంగా ఈ సులువైనది వాడుకుందామని 1988లోనే ఇంటర్నెట్ పెద్దలు అనుకున్నారు. తాత్కాలికమన్నది ముప్ఫై ఏళ్లు దాటినా ఇంకా నడుస్తోంది. ఆ పెద్ద భాషని ఇంటర్నెట్ ప్రపంచంలో ఇప్పుడు తలిచేవాళ్లే తక్కువ. గెలిచింది గొప్పది కాదు, చవకగా అమర్చుకోగలిగినది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందుముందు అవసరం పడుతుంది.

ఎస్‌ఎన్‌ఎంపీలో ఇద్దరుంటారు. ఒకరు పర్యవేక్షకుడు, అంటే ఆపరేటర్ గదిలోని కంప్యూటర్. రెండోది ప్రతినిధి, పరికరంలో కూర్చుని జవాబు చెప్పే చిన్న ప్రోగ్రాము. దీన్నే ఏజెంట్ అంటారు. మొదటి రూపంలో వీళ్ల మధ్య నడిచే మాటలు అయిదే రకాలు. ఫలానాది చెప్పు. దాని తర్వాతది చెప్పు. ఫలానాది ఇలా మార్చు. ఇదిగో జవాబు. అయిదోది కొంచెం వేరు, అడక్కుండానే ప్రతినిధి పెట్టే కేక. తీగ తెగిపోయింది, నేను ఇప్పుడే మళ్లీ మొదలయ్యాను అన్నట్టు. దీన్ని ట్రాప్ అంటారు.

ప్రశ్నలు మాటల్లో ఉండవు, అంకెల్లో ఉంటాయి. ప్రపంచంలోని ప్రతి ప్రశ్నకీ చెట్టు కొమ్మల్లా విడిపోయే ఓ చిరునామా ఇచ్చారు. ఉదాహరణకి 1.3.6.1.2.1.1.3.0 అని అడిగితే, నువ్వు మొదలై ఎంతసేపయింది అని అర్థం. జవాబు సెకనులో నూరో వంతుల లెక్కన వస్తుంది. ఆ అంకెకి కేటాయించిన చోటు 32 బిట్లే కాబట్టి 497 రోజులకి నిండిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాదికి పైగా చెక్కుచెదరకుండా నడిచిన పరికరం ఒక తెల్లారుజామున ఇప్పుడే పుట్టినట్టు చెబుతుంది. ఈ కిటుకు తెలియని కొత్త ఇంజనీరు రాత్రి కరెంటు పోయిందేమోనని వాచ్‌మన్‌ని నిలదీస్తాడు.

అందరికీ ఉమ్మడిగా ఉండే ప్రశ్నలు ఒక కొమ్మ మీద, కంపెనీల సొంత ప్రశ్నలు ఇంకో కొమ్మ మీద. సొంత కొమ్మల్లో ఐబీఎంది 2, సిస్కోది 9, హెచ్‌పీది 11. హబ్‌లకంటూ ఉమ్మడి ప్రశ్నల జాబితా 1992 అక్టోబరులో వచ్చింది. ఎన్ని పోర్టులున్నాయి, ఏది విడదీశావు, ఎన్ని ఢీకొన్నాయి అన్నవన్నీ అందులో ఉన్నాయి.

భాష సిద్ధమైంది, ప్రశ్నల జాబితా సిద్ధమైంది. నేర్చుకోవాల్సిన హబ్‌లే చాలామటుకు నేర్చుకోలేదు. ఎస్‌ఎన్‌ఎంపీ పలకాలంటే పెట్టెలో ఓ ప్రాసెసర్ ఉండాలి, జ్ఞాపకశక్తి ఉండాలి, ఇంటర్నెట్ చిరునామా ఉండాలి. సంకేతం ఇటు తీసుకుని అటు పంపడానికి ఇవేవీ అక్కర్లేదు. వీటిని చేర్చితే ధర పెరుగుతుంది. కొనేవాడు ధర చూస్తాడు గానీ పెట్టెకి మాటలొచ్చా అని చూడడు. అప్పటికే కొని గోడలకి బిగించేసిన పాత పెట్టెల సంగతి సరేసరి.

మధ్యలో దుబాసీ

అందుకని మూడో దారి. పెట్టె తన భాషలోనే మాట్లాడుకోనీ, పర్యవేక్షకుడు తన భాషలోనే అడగనీ, మధ్యలో రెండూ వచ్చినవాడిని పెడదాం అన్నారు. ఇంజనీర్లు దీన్ని ప్రాక్సీ ఏజెంట్ అంటారు. మనం దుబాసీ అందాం. 1990 మేలో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణ పత్రమే దీనికి చోటిచ్చింది. మోడెంలు, మల్టీప్లెక్సర్ల వంటివి ఈ భాష పలకలేవు కాబట్టి వాటి తరఫున ఇంకొకరు జవాబు చెప్పొచ్చు అంది.

దుబాసీ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎంత తతంగం నడుపుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఆఫీసులో మూలన ఒక పాత కంప్యూటర్ ఉంది. దానికి ఒకవైపు నెట్‌వర్క్ తీగ, ఇంకోవైపు మూడు హబ్‌ల సీరియల్ తీగలు. పర్యవేక్షకుడి దగ్గర్నుంచి 161వ పోర్టుకి ఒక ప్రశ్న వచ్చింది. ఏడో తీగని విడదీశావా అన్నది దాని సారం. ఏ హబ్ సంగతి? పాత ఎస్‌ఎన్‌ఎంపీలో ప్రతి ప్రశ్నతోనూ ఒక పేరు వస్తుంది. అసలది సంకేతపదంలా వాడాల్సిన పేరు. దుబాసీ దాన్ని ఇంకో పనికి కూడా వాడుకుంటుంది. ఈ పేరుతో వస్తే మొదటి హబ్, ఆ పేరుతో వస్తే మూడో హబ్ అని ముందే రాసి పెట్టుకుంటుంది. మూడో హబ్ అని తేలింది. దాని సీరియల్ తీగ మీద, ఆ కంపెనీ భాషలో, పోర్టుల స్థితి చూపించమని టైపు చేసింది, అచ్చం మనిషి కూర్చుని టైపు చేసినట్టే. హబ్ ఒక తెరనిండా అక్షరాలు విసిరింది. పైన కంపెనీ పేరు, చుక్కల గీత, పన్నెండు వరసలు. దుబాసీ ఏడో వరస దగ్గర ఆగి, అక్కడ విడదీసినట్టు రాసుందా లేదా చూసింది. రాసుంది. ఉమ్మడి జాబితా ప్రకారం విడదీయలేదు అనడానికి 1, విడదీశాను అనడానికి 2. ఆ పేజీడు రాతనీ పక్కన పడేసి, 2 అన్న ఒక్క అంకెని మూటగట్టి పర్యవేక్షకుడికి పంపింది. అవతలివాడికి తాను మాట్లాడింది హబ్‌తో కాదన్న అనుమానమే రాదు.

ఇందులో ఓ చిక్కుంది. సీరియల్ తీగ వేగం సెకనుకు 9600 బిట్లు అనుకుంటే, దాదాపు 960 అక్షరాలు. 24 వరసలు, వరసకి 80 అక్షరాల తెర నిండడానికి రెండు సెకన్లు. పర్యవేక్షకుడు సాధారణంగా ఒక సెకను చూసి, జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ దుబాసీ మళ్లీ హబ్ దగ్గరికి పరిగెత్తితే ఎప్పటికీ తెమలదు. అందుకని అది తీరిక వేళల్లో హబ్‌లన్నిటినీ చుట్టి వచ్చి జవాబులు పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది. అడిగినప్పుడు పుస్తకం చూసి చెబుతుంది. ఆశా కార్యకర్త పొద్దున్నే పెద్దాయన్ని జ్వరం, తిండి, నిద్ర అన్నీ అడిగి రాసుకుని, డాక్టరుగారు వచ్చినప్పుడు చదివి వినిపించినట్టు. పని సులువవుతుంది. అయితే ఆ జ్వరం పొద్దుటిది, ఇప్పటిది కాదు.

కేకలు పెట్టే పని కూడా దుబాసీదే. హబ్‌కి ఎలాగూ గొంతు లేదు. పాత పుస్తకాన్ని కొత్తదానితో పోల్చి చూసి, నిన్న బతికున్న తీగ ఇవాళ చచ్చిందని కనిపెడితే దుబాసీయే తన గొంతుతో కేక పెడుతుంది.

రైలు స్టేషన్ల సిగ్నల్ గదుల్లోనూ ఈ పద్ధతే. సిగ్నళ్లని నడిపే రిలేలు విద్యుదయస్కాంతపు మీటలు, వాటికి ఏ భాషా రాదు. డేటా లాగర్ అనే యంత్రం ఒక్కో రిలే మీట పైకుందో కిందికుందో కనిపెడుతూ, మారిన ప్రతి క్షణాన్నీ సమయంతో సహా రాసుకుని, దూరాన ఉన్న కేంద్ర కంప్యూటర్‌కి చేరవేస్తుంది. ఆ సమయం రాసుకోవడంలోనే దాని విలువంతా ఉంది. ఎందుకో చివర్లో చూద్దాం.

స్తంభాల మీది వెలుగు

ఇప్పుడు ఆమదాలవలసలో ప్లగ్గు ఊడిన ఇంటి సంగతికి వద్దాం. హబ్‌ల కాలం పోయింది కదా, ఈ పాత పురాణమంతా ఎందుకు అనుకోవచ్చు. ఆ హబ్ ఇంకో వేషంలో మన వీధి స్తంభం మీదే ఉంది.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నది అప్పటి ప్రచారం. భూమి తవ్వి ఫైబర్ వేస్తే ఖర్చు, ఆలస్యం. అందుకని కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. కరెంటు సబ్‌స్టేషన్లలో యంత్రాలు పెట్టారు. వాటన్నిటినీ కనిపెట్టి చూసే కేంద్రం విశాఖపట్నంలో. సబ్‌స్టేషన్ల నుంచి ఇళ్లదాకా తీసుకెళ్లేది ఎక్కడికక్కడ కేబుల్ ఆపరేటర్లే.

సబ్‌స్టేషన్లో ఉండే యంత్రాన్ని ఓఎల్‌టీ అంటారు. దాన్నుంచి బయల్దేరిన ఒక్క ఫైబర్ వీధిలోకొచ్చి స్తంభం మీద ఓ చిన్న డబ్బాలో దూరుతుంది. ఆ డబ్బాలో ఉన్నది స్ప్లిటర్, అంటే వెలుగుని చీల్చే గాజు ముక్క. ఒక్క ఫైబర్‌లో వచ్చిన వెలుగు అందులో 32గానో 64గానో చీలి ఇళ్లకి పోతుంది. ఇంట్లో మనం బాక్సు, మోడెం అని పిలిచేది ఓఎన్‌టీ. ఈ మొత్తం ఏర్పాటుని జీపాన్ అంటారు. కిందికి సెకనుకు దాదాపు రెండున్నర గిగాబిట్లు, పైకి అందులో సగం, అందరూ పంచుకోవాలి.

స్ప్లిటర్‌ని కాస్త గమనించండి. పైనుంచి వచ్చింది ఎవరిదో చూడదు, అందరికీ పంపేస్తుంది. ఎవరిది వాళ్ల బాక్సు తీసుకుంటుంది. ఇది హబ్ కాక మరేమిటి? హబ్‌కి కనీసం దీపాలైనా ఉండేవి. దీనికి కరెంటు కూడా లేదు. ఎండకి ఎండి వానకి తడుస్తూ ఏళ్ల తరబడి పడుంటుంది, చెడిపోవడానికి లోపల ఏమీ లేదు కాబట్టి. ఒక్క తేడా మాత్రం ఉంది. ఇళ్ల నుంచి పైకి పోయే వెలుగులు ఢీకొనకుండా, ఎవరు ఏ క్షణంలో మాట్లాడాలో సబ్‌స్టేషన్ యంత్రమే వంతులు వేసి చెబుతుంది.

ఇక దుబాసీ ఎవరో ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. ఓఎల్‌టీయే. విశాఖ నుంచో ఆపరేటర్ గది నుంచో అడిగే ప్రశ్నలు దానికి ఎస్‌ఎన్‌ఎంపీ లాంటి ప్రామాణిక భాషలో వస్తాయి. ఇళ్లలోని బాక్సులతో అది ఓఎంసీఐ అనే వేరే భాషలో మాట్లాడుతుంది. మామూలుగా ఒక్కో మాట 48 బైట్లు, అంతే. ఈ భాష ఆ ఫైబర్ దాటి బయటికి రాదు. ఓఎల్‌టీకి 16 పోర్టులు ఉండి, ఒక్కోదాని కింద 64 ఇళ్లు ఉంటే, 1024 ఇళ్ల తరఫున అదొక్కటే జవాబు చెబుతుంది. ఇంటి బాక్సు చవగ్గా రావడానికి ఇదో కారణం. బయటి ప్రపంచపు పర్యవేక్షణ భాషలన్నీ అది నేర్చుకోనక్కర్లేదు.

పుస్తకాల పండితులు ఇక్కడ అడ్డుపడతారు. 2002లో స్థిరపడిన ఎస్‌ఎన్‌ఎంపీ మూడో రూపంలో ప్రాక్సీ అన్న మాటని ఎస్‌ఎన్‌ఎంపీ సందేశాన్ని ఇంకో ఎస్‌ఎన్‌ఎంపీ పరికరానికి చేరవేయడానికే పరిమితం చేశారు, భాష మార్చేదాన్ని అలా పిలవకూడదు అంటారు. వాళ్ల మాట నిజమే. నేను 1990 నాటి విశాలార్థంలోనే వాడుతున్నాను. చేసే పని చూస్తే పేరు అదే కుదురుతుంది.

ఇక ప్లగ్గు పీకిన క్షణంలో ఏం జరిగిందో చూద్దాం. బాక్సులో కెపాసిటర్లనే చిన్న విద్యుత్ నిల్వలుంటాయి. బయటి కరెంటు ఆగిపోయాక కూడా కొద్ది మిల్లీసెకన్లపాటు అవి బాక్సుని బతికిస్తాయి. ఆ కాస్త వ్యవధిలో బాక్సు మిగతా పనులన్నీ వదిలేసి, నాకు కరెంటు పోతోంది అన్న ఒక్క మాట పైకి పంపి ఆరిపోతుంది. ఇంజనీర్లు దీనికి డైయింగ్ గ్యాస్ప్ అని పేరు పెట్టారు. కొనఊపిరి కబురు అందాం. ఓఎల్‌టీ దాన్ని విని రాసి పెట్టుకుంటుంది. ఇంటావిడ ఫోన్ చేసినప్పుడు ఆపరేటర్ చూసింది ఆ రాతనే.

కబురు లేకుండా ఆరిపోతే? అప్పుడు చాలామటుకు కరెంటు కాదు, వెలుగే అందలేదు. బాక్సు మీద లాస్ అని రాసున్న దీపం ఎర్రగా మినుకుతుంటుంది. ఆపరేటర్ "రెడ్ లైటు వస్తందా అమ్మా?" అని అడిగేది అందుకే. ఇక్కడ దుబాసీ తెలివి మరో మెట్టు ఎక్కుతుంది. ఒక్క ఇల్లే ఆరిపోతే స్తంభం నుంచి ఆ ఇంటికి వచ్చే తీగలో లోపం. ఒకే స్ప్లిటర్ కింద ఉన్న ఇళ్లన్నీ ఒకేసారి, కొనఊపిరి కబురు లేకుండా ఆరిపోతే స్ప్లిటర్‌కి వచ్చే ఫైబరే తెగింది. అన్నీ ఒకేసారి కబురు పెట్టి మరీ ఆరిపోతే వీధికంతటికీ కరెంటు పోయింది, ఎవరూ నిచ్చెన మోయనక్కర్లేదు. పలకలేని, కరెంటే లేని గాజు ముక్క ఆరోగ్యం కూడా చుట్టుపక్కల ఇళ్ల మౌనాన్ని బట్టి లెక్కగట్టవచ్చన్నమాట. ఈ చదువులో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

ఆరిపోకముందే పసిగట్టవచ్చు కూడా. ప్రతి బాక్సూ తనకు అందుతున్న వెలుగు బలమెంతో దుబాసీకి చెబుతుంది. ఆపరేటర్లు "మైనస్ ఇరవై రెండు వస్తంది, బాగుంది" అని మాట్లాడుకునేది ఈ అంకె గురించే. మైనస్ 27 అంటే మిల్లీవాట్‌లో అయిదువందలో వంతు. ఎక్కువగా వాడే రకం బాక్సులకి అదే చివరి హద్దు. నెల కిందట మైనస్ 21 ఉన్న ఇల్లు ఇవాళ మైనస్ 26కి వచ్చిందంటే ఎక్కడో ఫైబరు మడత పడింది, లేదా అతుకు పాడయింది. ఇంటివాళ్లకి ఇంకా ఏ తేడా తెలియదు.

ఇంత తెలివీ దారి ఉన్నంతవరకే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. స్తంభం మీద లాగిన ఫైబరు స్తంభంతోపాటే పడుతుంది. చవకగా, త్వరగా రావడానికి ఎంచుకున్న దారికి ఇది చెల్లించే ధర. అలాంటి రాత్రి సబ్‌స్టేషన్లో దుబాసీ బ్యాటరీల మీద బతికున్నా, దాన్నుంచి విశాఖకి పోయే దారే తెగితే, అది రాసుకున్న కబుర్లు అందుకునే నాథుడుండడు.

దుబాసీ మాట ఎంతవరకు?

విశాఖలో తెర మీద వెయ్యి ఇళ్లు ఒక్కసారి ఎర్రబడ్డాయనుకోండి. వెయ్యి ఇళ్లకీ ముప్పొచ్చిందా, దుబాసీ ఒక్కటే పోయిందా? తెర చూసి చెప్పలేం. ఆశా కార్యకర్త సెలవు పెట్టిన రోజున పెద్దాయన ఏమీ చెప్పలేదని రాసుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే తప్పు. మంచి పర్యవేక్షణ ప్రోగ్రాములు ఈ తేడా పట్టుకుంటాయి. ముందు దుబాసీ పలుకుతోందా అని చూసి, పలకకపోతే దాని వెనకున్నవన్నీ చెడ్డాయి అనకుండా, తెలియదు అని వేరే రంగు చూపిస్తాయి. అన్ని ప్రోగ్రాములూ అంత మంచివి కావు.

ఇంకో ప్రమాదం ఎవరి మాట వినాలన్నది. తొలి ఎస్‌ఎన్‌ఎంపీలో సంకేతపదం నెట్‌వర్క్ మీద బహిరంగంగా పోతుంది. చాలా పరికరాలు ఫ్యాక్టరీ నుంచే పబ్లిక్ అన్న పేరుతో వచ్చేవి, కొన్నవాళ్లు దాన్ని మార్చేవారు కాదు. 2002 ఫిబ్రవరిలో ఫిన్లండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయం పరిశోధకుల పరీక్షల ఆధారంగా, ఎంతోమంది తయారీదారుల ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోగ్రాముల్లో లోపాలున్నాయని ప్రపంచానికంతటికీ హెచ్చరిక వెళ్లింది. తప్పుడు ఆకారపు ప్రశ్న పంపిస్తే చాలు, కొన్ని పరికరాలు కుప్పకూలేవి. ఒక్క హబ్ కూలితే ఒక గది. దుబాసీ కూలితే, లేదా దొంగ చేతికి చిక్కితే, దాని వెనకున్న ఇళ్లన్నీ. ఎందుకంటే దుబాసీ చదివి చెప్పడమే కాదు, మార్చమన్నవాటిని మారుస్తుంది కూడా.

న్యాయంగా రెండోవైపూ చెప్పాలి. దుబాసీని కావలివాడిగా కూడా వాడుకోవచ్చని 1990 నాటి పత్రమే అంది. లోపల బలహీనమైన పెట్టెలున్నాయి, వాటికి తాళం వేసుకునే తెలివి లేదు. కఠినమైన నియమాలన్నీ దుబాసీ దగ్గరే పెట్టి, లోపలివాటిని బయటివాళ్లు ముట్టకుండా ఆపవచ్చు. సందేశాలని గూఢభాషలోకి మార్చి, అడిగేదెవరో రుజువు చూసే ఏర్పాటు మూడో రూపంలో వచ్చింది. 2006లో నెట్‌కాన్ఫ్ అనే ఇంకో భాష పరికరాల్లో మార్పులు చేయడానికి ఇంతకంటే పద్ధతైన దారి చూపింది. భాషలు మారుతున్నా మధ్యలో కూర్చున్నవాడి ఉద్యోగం మాత్రం పోలేదు, ఓఎల్‌టీలే అందుకు సాక్ష్యం.

శ్రీకాకుళం జిల్లాలో ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ చదివే పిల్లలకి ఒక మాట. ఇందులో చాలా భాగం మీరు ఖర్చు లేకుండా చేసి చూడవచ్చు. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ అనే ఉచిత ప్రోగ్రాము ఏ పాత కంప్యూటర్‌లోనైనా లినక్స్ మీద నడుస్తుంది. ఫలానా ప్రశ్న వస్తే నేను రాసిన స్క్రిప్టుని అడిగి జవాబు చెప్పు అని దానికి నేర్పే వీలుంది. కాలేజీలో సీరియల్ పోర్టున్న పాత యూపీఎస్ ఒకటి మూలన పడి ఉంటే దానికి దుబాసీని మీరే రాయండి. బ్యాటరీ ఎంతుంది, కరెంటుందా లేదా అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. మూడో ప్రశ్న మాత్రం మరవద్దు, ఆ యూపీఎస్‌ని చివరిసారి ఎప్పుడు అడిగావు అన్నది. పొద్దుటి జ్వరాన్ని ఇప్పటిదనుకోకుండా ఆపేది ఆ సమయమే, రైల్వే డేటా లాగర్ విలువంతా అందులోనే ఉందన్నది ఇందుకే. మార్కెట్లో దొరికే ఖరీదైన వ్యవస్థల్లో కూడా చాలాచోట్ల ఆ మూడో గడి కనిపించదు.